పెదనాన్న బాగుచేసిన గొంతు

మా పెదనాన్న పాత రీలు టేప్ రికార్డర్లు బాగుచేస్తాడు. అలాంటివి ఇంకా వాడేవాళ్లు మా చుట్టుపక్కల పదిమంది ఉంటే గొప్ప. ఎవరైనా మిషన్ తెస్తే ఆయన ముందు దాన్నే పలకరిస్తాడు, తెచ్చిన మనిషిని కాదు. "దీన్నెవరు ముట్టుకున్నారు?" అన్నదే ఆయన నమస్కారం.

చదువు ఆగిపోయాక నేను ఆయన ముందుగదిలో కూర్చుని, టేపు రాసుకుంటూ పోయే హెడ్లు తుడుస్తున్నాను. టేపు మీది పొడి హెడ్డుకు అంటుకుంటే పాట దుప్పటి కప్పుకున్నట్టు వినిపిస్తుంది. స్పిరిట్‌లో ముంచిన దూది తెల్లగా వచ్చేదాకా తుడవాలి. మాట్లాడక్కర్లేని పని కాబట్టి నాకు సరిపోయింది.

ఒక శుక్రవారం సంగీతం మాస్టారు రికార్డరు మోయించుకుని వచ్చారు. అది టేపును నలిపేస్తోందట. ఆదివారం శిష్యులు ఆయనకు సన్మానం చేస్తున్నారు. వయసులో ఉన్నప్పుడు స్టూడియోలో పాడిన పాట అప్పుడు వినిపించాలి. అందులోని పైస్థాయి అందుకోలేకే శిష్యులందరూ ఏళ్ల తరబడి చివాట్లు తిన్నారు.

"దీన్నెవరు ముట్టుకున్నారు?"

"ఎప్పుడో ఒక మెకానిక్ చూశాడయ్యా. మహానుభావుడు! అప్పటినుంచి నా గొంతు ఇంకా బాగా పలుకుతోంది."

పెదనాన్న మూత తీశాడు. టేపును లాగే సన్నటి కడ్డీ చుట్టూ ఆ మహానుభావుడు ప్లాస్టర్ చుట్టి పెట్టాడు. కడ్డీ లావైతే టేపు వేగంగా నడుస్తుంది, గొంతు పైకి లేస్తుంది. పెదనాన్న దాన్ని గీకి పారేసి, అరిగిన రబ్బరు చక్రం మార్చి, గుర్తులు పెట్టిన టేపు వేసి గడియారంతో వేగం సరిచూశాడు. అరగంటలో అయిపోయింది. వేగం తప్పిన మిషన్ ఏదీ తన గడప దాటలేదని ఆయన గర్వం.

మాస్టారు పాట పెట్టించుకున్నారు. గొంతు బాగానే ఉంది. కాకపోతే అది మామూలు మనిషి గొంతు.

"ఇది నేను కాదు."

"మీరే మాస్టారూ. ఇన్నాళ్లూ విన్నదే మీరు కాదు."

"నా గొంతు పాడుచేశావు కదయ్యా!"

"బాగుచేశానండీ."

లోపల్నుంచి పెద్దమ్మ అందుకుంది. "పెళ్లయిన కొత్తలో నా వంట కూడా ఇలాగే బాగుచేశారు. తర్వాత ఏడాదంతా ఈయనే వండుకున్నారు."

మాస్టారు స్టూలు మీద కూలబడ్డారు. "అయితే పిల్లల్ని ఊరికే తిట్టానా?" అన్నారు మెల్లగా. ఎవరినడిగారో తెలియలేదు.

పెదనాన్న ఆయన వైపు చాలాసేపు చూశాడు. మనుషుల్ని అంతసేపు చూడటం నేనెరగను.

"ప్లాస్టర్ ఇలా తే అమ్మాయ్," అన్నాడు.

అరగంటలో బాగుపడ్డ మిషన్‌ను చెడగొట్టడానికి మధ్యాహ్నమంతా పట్టింది. తక్కువ చుడితే మాస్టారు ఒప్పుకోరు, ఎక్కువైతే పాట కీచుమంటుంది. పెదనాన్న బ్లేడుతో వెంట్రుకవాసి కోసి అంటించడం, మాస్టారు కళ్లు మూసుకుని "ఇంకొంచెం" అనడం. గీకేసిన పాత ప్లాస్టర్ ఒక చుట్టే. కొత్తది చుట్టున్నరకు తేలింది.

"ఇదీ నా గొంతు!" మాస్టారు కళ్లు తుడుచుకున్నారు. గుమ్మం దగ్గర ఆగి నాతో అన్నారు: "పని నేర్చుకుంటే మీ పెదనాన్న దగ్గరే నేర్చుకోవాలమ్మా. ఇంత నిజాయితీగా చేసేవాడు ఈ రోజుల్లో ఎక్కడున్నాడు?"

నేను తలూపాను. పెదనాన్న ఏదో స్క్రూ పడిపోయినట్టు బల్ల కిందికి వంగి, ఆయన వీధి మలుపు తిరిగేదాకా పైకి లేవలేదు.