నాంచారమ్మ కడుపులో వదిలేసిన గొట్టం

నా భార్య నాంచారమ్మ కడుపులో ఒక ప్లాస్టిక్ గొట్టం పెట్టి, పెట్టినట్టు మాకు చెప్పలేదు. నాలుగేళ్లు అది లోపలే ఉంది. ఆమె ఎడమ కిడ్నీ దానివల్లే పోయింది.

తొంభైల చివర్లో ఒక రోజు నారు పీకుతూ పీకుతూ గట్టు మీద మెలికలు తిరిగిపోయింది. నడుము ఎడమపక్క నుంచి గజ్జ దాకా నొప్పి, వాంతులు. బందరులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాను. కిడ్నీ నుంచి మూత్రసంచికి దిగే సన్నటి దారిని యురేటర్ అంటారట. దాంట్లో రాయి అడ్డుపడిందన్నారు. ఆపరేషన్ చేసి తీశారు. ఆ రాయిని చిన్న సీసాలో వేసి మా చేతికిచ్చారు. నాంచారమ్మ దాన్ని వీధిలో అందరికీ చూపించింది. తీసింది చూపించారు గనక పని అయిపోయిందనుకున్నాం.

"రాయి పోయిందమ్మా, నీళ్లు బాగా తాగు" అన్నాడు డాక్టరు డిశ్చార్జి రోజు. ఇంగ్లీషు కాగితం ఒకటి ఇచ్చారు. నేను బడికెళ్లినవాణ్ణి కాను. కాలవ లాకుల దగ్గర నీళ్లు వదిలే లస్కరుగా చేరాక, రిజిస్టరు రాయడం కోసం తెలుగు నాకు నేనే నేర్చుకున్నాను. ఇంగ్లీషు రాదు. ముఖ్యమైన కాగితం కదా అని ప్లాస్టిక్ కవరులో పెట్టి, ట్రంకుపెట్టెలో భద్రంగా దాచాను.

రెండు నెలలకు మంట మొదలైంది. గంటకోసారి పెరట్లోకి పరుగు. వేడి చేసిందన్నాడు మా ఊరి వైద్యుడు. బార్లీ నీళ్లు, ఏవో మాత్రలు. తగ్గేది, మళ్లీ వచ్చేది. అప్పుడప్పుడు మూత్రంలో రక్తం.

"ఏవండీ, మీ లాకుల నీళ్లన్నీ నాకే వదిలారా ఏంటి?" అని నవ్వేది.

నాలుగో ఏడు నవ్వలేదు. చలిజ్వరంతో పళ్లు కొట్టుకుంటుంటే, పాత కాగితాల కవరు కూడా పట్టుకుని గుడివాడ తీసుకెళ్లాను. అక్కడి డాక్టరమ్మ ఎక్స్‌రే లైటు మీద పెట్టింది. కిడ్నీ దగ్గర్నుంచి మూత్రసంచి దాకా తెల్లటి తాడులా ఉంది. రెండు కొసలూ వంకీ తిరిగాయి. తాడు పొడుగునా రాయి పేరుకుపోయింది.

"పెద్దాయనా, డీజే స్టెంట్ ఎప్పుడు వేశారు?"

"అదేంటమ్మా?"

ఆమె ఎక్స్‌రే మీద ఆ తాడును చూపించింది. "ఆపరేషనయ్యాక దారి వాచి మూసుకుపోకుండా పెట్టే గొట్టం. మళ్లీ తీసెయ్యాలి" అని కాగితం అందుకుంది. చివరి లైను మీద వేలు పెట్టింది. "ఆరు వారాలకు రమ్మని ఇక్కడ రాశారు కదండీ."

నాంచారమ్మ నా వైపు తిరిగింది. "ఇన్నాళ్లూ మీ పెట్టెలోనే ఉందా ఇది?"

కిడ్నీల పనేంటో ఆ రోజు డాక్టరమ్మ చెబితేనే తెలిసింది. అవి రెండూ ఆగకుండా రక్తాన్ని వడకట్టి, చెడు నీటిని కిందికి వదులుతుంటాయి. ఆ నీరు దిగకపోతే ఏమవుతుందో మాత్రం దివిసీమవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. మురుగు డ్రెయిను సముద్రంలో కలిసే మొగ పూడిందంటే నీరు వెనక్కి ఎక్కుతుంది, చేను నిలబడ్డచోటే కుళ్లుతుంది. ఆమె కిడ్నీ అలాగే ఉబ్బి, చీము పట్టి చచ్చింది. నేను లాకుల షట్టరు దించితే, ఎప్పుడు ఎత్తాలో రిజిస్టరులో రాసి, తర్వాతి డ్యూటీవాడికి నోటితో కూడా చెప్పి మరీ ఇంటికెళ్లేవాణ్ణి. వరిచేనుకు చేసినపాటి మర్యాద ఆడమనిషి ఒంటికి బందరువాళ్లు చెయ్యలేకపోయారు.

విజయవాడలో ఎడమ కిడ్నీ తీసేశారు. కుట్లు చీము పట్టి ఇంకో నెల మంచం మీదే ఉంది. ఇప్పుడు కుడి కిడ్నీ ఒక్కటే దిక్కు. అదీ అంతంతమాత్రం. రక్తంలో మలినం లెక్క చెప్పే క్రియాటినిన్ మామూలుకు దిగడం లేదు. పచ్చళ్లు మానేసింది. ఒళ్లు నొప్పులున్నా నొప్పి మాత్ర వేసుకోకూడదు. మూడు నెలలకోసారి రక్తపరీక్ష. రాయి ఉన్న ఆ సీసాను తనే తీసుకెళ్లి మురుక్కాలవలో పారేసింది.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. డిశ్చార్జి రోజు ఆ కుర్చీలోంచి తొందరపడి లేవకండి. "లోపల ఏమైనా పెట్టారా? ఎప్పుడు తీస్తారు?" అని అడిగి, ఆ తేదీ తెలుగులో రాయించుకోండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

నోటితో ఎందుకు చెప్పలేదని అడుగుతూ బందరు ఆసుపత్రికి మూడు ఉత్తరాలు రాశాను. మూడోదానికి జవాబొచ్చింది. ఇంగ్లీషులో. ఈసారి పెట్టెలో దాచలేదు. డిక్షనరీ కొని, మూడు రోజులు కూర్చుని, ఒక్కో మాటా విడదీసుకుని నేనే చదివాను.

"ఏమన్నారు?" అంది నాంచారమ్మ.

వినిపించాను.

"సూచనలన్నీ రాతపూర్వకంగా ఇచ్చాము. ట్యూబు తీయించుకోవడానికి పేషెంటు రాలేదు."