భూరాకి తగ్గిందంట

మొన్న ఆదివారం రాయపూర్ తెలీబంధాలో మా ఫ్లాట్ బాల్కనీలో కూర్చుని, వానలకి కరివేపాకు తొట్టెలో ఇష్టారాజ్యంగా పెరిగిన కలుపు పీకుతూంటే, ఒక చిన్న మొక్క వేళ్ళ మధ్య నలిగి పచ్చి చేదు వాసన గుప్పుమంది. తిప్పి చూస్తే ఈనె కింద ఆవగింజలంత కాయలు వరసగా వేలాడుతున్నాయి. నేల ఉసిరి. ఎవరూ నాటకుండా, ఎవరూ రమ్మనకుండా ఆరో అంతస్తు దాకా ఎలా ఎక్కి వచ్చిందో తెలీదు. చెయ్యి సబ్బుతో కడుక్కున్నా ఆ వాసన పోలేదు. మధ్యాహ్నం పెరుగన్నం కలుపుకుంటూంటే మళ్ళీ వచ్చింది. దాని వెనకాలే మా రైల్వే క్వార్టరూ, రోట్లో ఆ మొక్కని నూరుతున్న మా మామ్మా, పళ్ళు బిగించి మొహం గోడవైపు తిప్పేసుకున్న మా కుక్క భూరా కూడా వచ్చి కూర్చున్నారు.

అది రెండు గదుల క్వార్టరు, వెనక వరండా, దాని పక్కన ఒక జామచెట్టు. మా నాన్న గూడ్స్ బండి గార్డు. లైను మీదకి వెళితే రెండు రోజులకో మూడు రోజులకో ఇల్లు చేరేవాడు. గాలి సిల్తారా ఇనుము ఫ్యాక్టరీల వైపునించి వీచిందంటే ఆరేసిన బట్టల మీద, పళ్ళెంలో పోసిన బియ్యం మీద సన్నటి నల్లపొడి పడేది. మామ్మ వడియాలు పెట్టినప్పుడు పైన పాత చీర కప్పడం మరిచిపోతే అన్నీ మిరియాల వడియాలైపోయేవి. శ్రావణం వచ్చేసరికి వీధంతా బురద, బురదలో మా పిట్టూ ఆట. ఏడు పెంకులు పేర్చి బంతితో కొట్టడం, కొట్టి పరిగెత్తడం. హరేలీ పండగ రోజున గుమ్మాలకి వేపకొమ్మలు వేలాడేవి. పోలా పండక్కి పక్కింటి దులారీ చాచీ ఠేఠరీ, ఖుర్మీ అనే పిండివంటలు పళ్ళెంలో పెట్టి పంపేది. ఖాళీ పళ్ళెం తిరిగి పంపడం మామ్మకి నామోషీ కాబట్టి, మర్నాడు ఆ పళ్ళెంలోనే మా ఇంటి బూరెలు వాళ్ళింటికి వెళ్ళేవి.

మామ్మది శ్రీకాకుళం వైపు పల్లె. కొడుకు ఉద్యోగం పేరున రాయపూర్ వచ్చి పదిహేనేళ్ళయినా ఆమె నేర్చుకున్న హిందీ ఒకే ఒక్క వాక్యం: "ఘర్ మే కోయీ నై." గుమ్మంలోకి ఎవరొచ్చినా అదే. ఫోను మోగినప్పుడు ఇంట్లో వేరే ఎవరూ లేకపోతే రిసీవరు ఎత్తి, అవతల ఎవరన్నది వినకుండా గట్టిగా అదే మాట చెప్పి పెట్టేసేది. ఇంట్లో ఎవరూ లేరని తానే చెప్పడంలో ఆమెకి ఏ ఇబ్బందీ కనబడలేదు.

భూరా పేరు కూడా అలాంటిదే. రంగు చూసి వీధి పిల్లలం భూరా అని పిలిచాం, గోధుమరంగు వాడని. మామ్మ మాత్రం వాణ్ణి బూరి అనేది. బూరెల పళ్ళెం పక్కన దొరికాడు కాబట్టి పిల్లలు ఆ పేరు పెట్టారని ఆమె గట్టి నమ్మకం. రెండు పేర్లకీ తోక ఊపేవాడు. నాన్న బండి దిగి వచ్చే వేళకి గేటు దగ్గర నిలబడేవాడు, జామచెట్టు మీద ఉడతల్ని అదిలించేవాడు, నేను చదువుకుంటూంటే నా కాళ్ళమీద తల పెట్టి బరువంతా మోపి పడుకునేవాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ ఏడు అమ్మ పురిటికి పుట్టింటికి వెళ్ళింది. మామ్మ వంటింట్లో, నాన్న లైను మీద, కాబట్టి ఇంట్లో నా మనిషంటే భూరాయే.

వానలు మొదలైన కొన్నాళ్ళకి వాడు ఉడతల్ని చూసి కూడా లేవడం మానేశాడు. నాలుగు మెట్లు ఎక్కి ఆయాసపడేవాడు. ఒకరోజు జామచెట్టు మొదట్లో కాలెత్తితే డికాక్షన్ రంగులో పడింది. మామ్మ వాడి కనురెప్ప కిందికి లాగి చూసి, "ఈడికి పచ్చకామెర్లే. కళ్ళు సూడు, పసుపు ముద్దల్లాగున్నాయి," అని తేల్చేసింది. కామెర్లంటే మా వైపు వాళ్ళకి వైద్యం వెతుక్కోవక్కర్లేదు. పెరట్లో నేల ఉసిరి పీకడం, నూరడం, ఆ పసరు మజ్జిగలో కలిపి పరగడుపున పట్టడం, ఆపైన ఉప్పూ నూనే లేని పథ్యం. దులారీ చాచీ కూడా ఏకీభవించి పీలియా మాల, అంటే కామెర్ల దండ, తెచ్చి వాడి మెడలో వేసింది. జబ్బు దిగుతూంటే ఆ మాల పొడుగవుతుందట. పొడుగయ్యే అవకాశం లేకుండా భూరా దాన్ని సగం నమిలేశాడు. నాలుగు రోజులు వాడి దవడలు నేను పట్టుకుంటే మామ్మ పసరు పోసింది. నా చేతులూ గౌనూ అంతా అదే వాసన. అయిదోరోజు నాన్న వచ్చి వాడి పెదవి ఎత్తి చూశాడు. చిగుళ్ళు సున్నం కొట్టినట్టున్నాయి.

మందిర్ హసౌద్ వెళ్ళే దారిలో ఒక పెద్దాయన, రిటైరయిన పశువుల డాక్టరు, ఇంటి వరండాలోనే వైద్యం చూసేవారు. స్కూటరు మీద ముందు భూరా, వెనక నేను. ఆయన వాడి రక్తం ఒక చుక్క గాజుపలక మీద వేసి, సెలైను నీళ్ళు కలిపి, అటూ ఇటూ వంచి మాకు చూపించారు. పల్చగా పారాల్సిన ఎర్రనీళ్ళలో ఇసకలాంటి గడ్డలు కట్టాయి. ఇది లివరు కామెర్లు కాదు, వీడి రక్తాన్ని వీడి ఒళ్ళే శత్రువనుకుని చంపేస్తోంది అన్నారు. చిన్న తెల్ల మాత్రలు రాసిచ్చారు. వాటి వల్ల ఆకలీ దాహం విపరీతంగా వేస్తాయనీ, కడుపునిండా పెట్టమనీ, వారానికోసారి రక్తం పరీక్ష చేయించాలనీ చెప్పారు. అన్నిటికంటే ముఖ్యం, కుక్క లేచి గంతులేసినా సరే, తాను చెప్పకుండా ఒక్క పూట కూడా మాత్ర ఆపకూడదన్నారు. ఆ సంగతి నాన్న ఇంట్లో రెండుసార్లు చెప్పాడు. మామ్మ తల ఊపింది. తన ఒళ్ళు తననే తినడం ఏమిటో మాత్రం ఆమెకి మింగుడుపడలేదు. ఎవరిదో దిష్టి అనుకుంది.

మాత్ర ఇడ్లీముక్కలో పెట్టి తినిపించేవాళ్ళం. భూరాకి నిజంగానే రాక్షసాకలి పట్టుకుంది. నా టిఫిను డబ్బా నాకి నాకి మెరిపించేవాడు, తొట్టెడు నీళ్ళు తాగి వరండా అంతా మడుగు చేసేవాడు. మామ్మ విసుక్కుంటూనే గుడ్డతో తుడిచేది. రెండు వారాలకి తోక ఊపడం మొదలైంది. పోలా పండక్కి లేచి ఖుర్మీ వాసన చూశాడు.

ఆ తరవాత వారం, నాన్న లైను మీద ఉన్న సాయంత్రం, ఫోను మోగింది. వీధిలో పిట్టూ ఆట మంచి రసపట్టులో ఉంది, నా వంతు రాబోతోంది. నీళ్ళకోసం ఇంట్లోకొచ్చిన నేను రిసీవరు ఎత్తాను. డాక్టరుగారి కాంపౌండరు. "బేటీ, పాపా కో బోల్నా, భూరా కా ఖూన్ ఔర్ కమ్ హో గయా హై. ఆతే హీ మిల్ లేఁ." సరేనని పెట్టేసి, వంటింటి గుమ్మంలోంచి ఒక్క కేక వేశాను. "మామ్మా, భూరాకి తగ్గిందంట. నాన్నని రమ్మన్నారు." మళ్ళీ వీధిలోకి పరుగు.

ఖూన్, అంటే రక్తం, అన్న మాట నేను వినలేదని చెప్పను. విన్నాను. కమ్ అంటే తగ్గడం అనీ తెలుసు. అర్థం మొత్తం బుర్రలోకి వెళ్ళకముందే నోటిలోంచి సగం బయటికొచ్చేసింది. ఏది తగ్గిందో వదిలేసి తగ్గిందని మాత్రం చెప్పాను. తెలుగులో మనిషికి తగ్గిందంటే ఇంకేం అడుగుతారు?

మామ్మ సంతోషం ఇంతా అంతా కాదు. మా వైపు జబ్బు తగ్గితే తలకి నీళ్ళు పోసి, బీరకాయ కూరతో అన్నం పెడతారు. పథ్యం పెట్టడమంటే అదే. అది పెట్టాక ఇక మందు ముట్టరు, తగ్గిన ఒంటికి మందు వేడి చేస్తుందని. మర్నాడు పొద్దున్నే భూరాకి సున్నిపిండితో నలుగు పెట్టి గోరువెచ్చని నీళ్ళు పోసింది, పాత పంచెతో తుడిచింది, బీరకాయ కూర అన్నం పెట్టి, నుదుట కుంకం బొట్టు కూడా పెట్టింది. మాత్రల డబ్బా గూట్లో పైకి ఎక్కించేసింది. డాక్టరు చెప్పకుండా ఆపకూడదు కదా అని నాకు గుర్తుంది. కానీ డాక్టరే తగ్గిందన్నాడని చెప్పింది నేనే కదా.

రెండు రోజులు బాగానే ఉన్నట్టు కనిపించాడు. మూడోరోజు పొద్దున పిలిస్తే తల ఎత్తలేదు. మామ్మ చెంబుతో నీళ్ళు నోట్లో పోస్తే పక్కనించి కారిపోయాయి. అదృష్టం కొద్దీ గంటలో నాన్న వచ్చాడు. డాక్టరు ఫోనులో ఇంకో పెద్ద కుక్క రక్తం కావాలన్నారట. దులారీ చాచీ రెండో మాట అడక్కుండా తన కుక్క షేరూని గొలుసుతో సహా ఆటోలోకి ఎక్కించింది. డాక్టరుగారి వరండాలో ఇద్దర్నీ పక్కపక్కన పడుకోబెట్టారు. షేరూ రక్తం సంచీలోకి, సంచీలోంచి చుక్కచుక్కగా భూరాలోకి. నేను భూరా చెవి పట్టుకుని కూర్చున్నాను. చెవి చల్లగా ఉంది. వాడు పోతాడని నాకు తెలిసిపోయిందనుకున్నాను. నావల్లే పోతాడని కూడా తెలిసింది.

సాయంత్రం ఇంటికొచ్చాక నాన్న గొంతు పెద్దది చేశాడు. ఆయన అలా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. "రక్తం పడిపోయిందని ఫోన్ చేసి చెప్పారంట. ఫోన్ ఎవలెత్తేరు?"

మామ్మ నావైపు చూసింది. నేను తలుపు గొళ్ళేన్ని చూశాను.

"నానే ఎత్తేన్రా," అంది మామ్మ. "ఆడి ఇందీ నాకు బోదపడనేదు. తగ్గిందన్నాడనుకున్నాను."

నాన్న నమ్మేశాడు. నమ్మకేం, ఆమె ఫోను భాగవతం అందరికీ తెలిసిందే. తెలియకపోతే చుట్టుపక్కలవాళ్ళని పిలవొచ్చు కదా, అన్నీ నీకే తెలుసు కదా, అని చాలాసేపు అన్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొత్తం విన్నది. నేను నోరు విప్పలేదు. ఆ రాత్రి కాదు, మర్నాడు కాదు, తరవాత ఎప్పుడూ కాదు. సిగ్గుపడాల్సిన పనులు నా జీవితంలో ఇంకా ఉన్నాయి గానీ వాటిల్లో ఇదే మొదటిది.

భూరా బతికాడు. దసరాకి బూరెల పళ్ళెం పక్కకి తానే నడిచి వచ్చాడు. ఆపైన మాత్రలు తగ్గించే పని మొదలైంది. రెండు నించి ఒకటిన్నర, ఒకటి, అర, చలికాలానికి పావు. ఆ బుల్లి మాత్రని పావుముక్కలు చెయ్యడం మామ్మ ఎవరికీ ఒప్పజెప్పలేదు. కత్తిపీట ముందేసుకుని, కళ్ళు చికిలించి, కొబ్బరి కోసినంత శ్రద్ధగా కోసేది. వెయ్యగానే నన్ను పిలిచి కేలండరు మీద గీత పెట్టించేది. ఒక్క గీత తప్పనివ్వలేదు. అమ్మ తమ్ముణ్ణి తీసుకుని వచ్చేసరికి భూరా గేటు దగ్గరే ఉన్నాడు. తరవాత ఇంకో అయిదేళ్ళు ఉన్నాడు, ఒక ఎండాకాలం జామచెట్టు నీడలో పడుకుని లేవలేదు.

చాలా ఏళ్ళ తరవాత మామ్మ ఈ ఊళ్ళోనే ఆసుపత్రిలో పడుకుంది. నేను అప్పటికి ఉద్యోగంలో ఉన్నాను. డాక్టరు నన్ను పక్కకి పిలిచి, ఖూన్ బహుత్ కమ్ హై అన్నారు. ఇంకా కొన్ని చెప్పారు, అవన్నీ ఆ మాటకి తగ్గట్టే ఉన్నాయి. లోపలికొస్తే మామ్మ కళ్ళు తెరిచే ఉంది.

"ఏటన్నాడే?"

"తగ్గిందంట మామ్మా," అన్నాను.

పళ్ళులేని నోటితో నవ్వింది. "బూరిగాడికి తగ్గినట్టు తగ్గిందేటే?"

మంచం అంచున కూర్చుని ఏడ్చాను. తొమ్మిదేళ్ళప్పుడు చెప్పాల్సింది అప్పుడు చెప్పాను, మాట మింగేశాననీ, ఆ రోజు నాన్న ముందు నిలబడలేకపోయాననీ. ఆమె నా చెయ్యి తీసుకుని తన పొట్టమీద పెట్టుకుంది. "ఊరుకో. మీ నాన్న నిన్ను తిడితే అది నీకు పట్టీసుకుంటాది. నాకయితే దులిపీసుకోడం అలవాటే." ఇంకా ఏదో గుర్తొచ్చినట్టు, "పావుముక్క కొయ్యడం ఎంత కట్టమో," అంది. పదిహేను రోజుల తరవాత ఆమె పోయింది.

ఆ క్వార్టర్లు ఇప్పుడు లేవు, కూల్చేసి మూడంతస్తులు కట్టారు. జామచెట్టు ఎక్కడుండేదో అంచనాకి కూడా అందదు. వీధిలో పిట్టూ ఆడే పిల్లలు లేరు, ఠేఠరీ పాకెట్లలో దొరుకుతోంది, ఖాళీ పళ్ళెం తిరిగి పంపాల్సిన అవసరం ఎవరికీ లేదు. రక్తం రిపోర్టులు తిన్నగా ఫోనులోకే వస్తున్నాయి, పడిపోయిన అంకె పక్కన ఎర్ర బాణం గీసి మరీ. మధ్యలో మాట మింగెయ్యడానికి ఒక పిల్ల అక్కర్లేదు. ఆ పిల్లకి అడ్డుగా నిలబడటానికి ఒక ముసలమ్మ కూడా లేదు.

నేల ఉసిరిని తొట్టెలోనే ఉంచేశాను. సాయంత్రం మా అమ్మాయి వచ్చి అదేం మొక్క అని అడిగింది. కామెర్లకి మందు, మా మామ్మ మా కుక్కకి పోసింది అన్నాను.

"తగ్గిందా మరి?" అంది.

"ఏది తగ్గిందని అడగాలే," అని, దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని మొదటినించీ చెప్పాను. ఫోను ఎవరెత్తారో కూడా చెప్పాను.