దిగుడు బండ

2022 వేసవి. కర్నూలులో నంద్యాల రోడ్డు పక్కన నా వర్క్‌షాపు. ఇంజన్ల జోలికి నేను పోను. చక్రానికీ బాడీకీ మధ్య ఉండే పని, అంటే సస్పెన్షన్, అదొక్కటే చేస్తాను. మంత్రాలయానికి యాత్రికులను తిప్పే వ్యాన్లు వస్తాయి, వేంపల్లె వైపు నుంచి చీనీకాయల లోడుతో నడుం వాల్చిన బండ్లు వస్తాయి. గుంతలో చక్రం దిగాలి, లోపల కూచున్న మనిషికి అది తెలియకూడదు. ఈ వృత్తిలో ఉన్నదంతా ఇంతే.

మాది ఎమ్మిగనూరు. మా వంశంలో స్పానరు పట్టిన మొదటివాణ్ణి నేను. భూములూ ఇల్లూ ఎట్లా పోయాయన్నది మా ఇంటి సంగతి, ఇక్కడ అనవసరం. ఇస్త్రీ చొక్కాతో షాపుకు వస్తాను, ఇస్త్రీ చొక్కాతోనే ఇంటికి పోతాను. చెప్పిన రోజుకు బండి ఇస్తాను. ఎంత పెద్దవాళ్ళు పిలిచినా వాళ్ళ ఇళ్ళకు పోయి పని చేయను. బండి నా దగ్గరికి రావలసిందే.

ఆ వేసవిలో ఒకరోజు పొద్దున్నే ఎర్రటి స్పోర్ట్స్ కారు ఒకటి నా షాపు ముందు ఆగింది. రెండే సీట్లు. నేలకు ఎంత దగ్గరగా ఉందంటే, షాపు ముందరి సిమెంటు వాలు ఎక్కేటప్పుడే దాని ముందరి పెదవి గీసుకొని కీచుమంది. దిగిన మనిషికి ముప్పై అయిదేళ్ళు ఉంటాయి. పేరు వీరేశ్. ఎమ్మిగనూరులో చీరల వ్యాపారం. తాతల కాలం నుంచి మగ్గం పని చేసిన కుటుంబం.

"అన్నా, ఈ బండిని లేపల్ల" అన్నాడు.

"ఎంత లేపాలి?"

"శానా వొద్దు. కావాల్సినప్పుడు లేయల్ల, మళ్ళీ కూచోవల్ల. మా అవ్వ కూచుంటే లేయదు, లేస్తే కూచోదు. అట్ల గాకుండా."

కింద పడుకొని చూశాను. ఇంతకు ముందు ఓనరు బెంగళూరులో దానికి కాయిలోవర్లు వేయించి దింపించాడు. కాయిలోవర్ అంటే స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ ఒకే కడ్డీ మీద ఉండే సెట్టు. కడ్డీకి మర ఉంటుంది, దాని మీద ఒక రింగు ఉంటుంది. రింగును పైకి తిప్పితే బండి లేస్తుంది, కిందికి తిప్పితే దిగుతుంది. అయితే స్పానరు పెట్టి తిప్పాలి. రోడ్డు మీద స్పీడ్ బ్రేకరు వచ్చినప్పుడల్లా చేసే పని కాదు.

"రింగు తిప్పి శాశ్వతంగా లేపి ఇవ్వనా?" అని అడిగాను.

"వొద్దొద్దు. అట్ల చేస్తే ఇది గూడా ఆటో మాదిరే అయితాది."

అట్లాంటప్పుడు చేసేది ఎయిర్ కప్. స్ప్రింగు నెత్తిన గిన్నె లాంటి సిలిండరు కూర్చోబెడతాం. డిక్కీలో చిన్న కంప్రెసరు, గాలి ట్యాంకు. స్టీరింగు పక్కన బటను. నొక్కితే గాలి కప్పులోకి పోయి స్ప్రింగును కిందికి తోస్తుంది, బండి పైకి లేస్తుంది. మళ్ళీ నొక్కితే గాలి వదిలి కూచుంటుంది. ఎక్కువమంది ముందు చక్రాలకే వేయించుకుంటారు. దీన్ని నోస్ లిఫ్ట్ అంటాం. బండి ముక్కు గీసుకోకుండా ఉంటే చాలు కదా.

"స్పీడ్ బ్రేకర్ల కోసమేనా?"

"కాదన్నా. మా ఇంటి వాకిలి" అని ఫోను తీసి ఫోటో చూపించాడు.

ఇనప గేటు. దాని కింద అడ్డంగా ఒక నల్లరాతి బండ, మధ్యలో అరిగి నునుపు తేలింది. ఎడమ కొసన ఒక పెచ్చు ఊడి ఉంది. ఆ పెచ్చు ఎట్లా ఊడిందో నాకు తెలుసు. ఫోను అతని చేతికి ఇచ్చేశాను.

ఆ బండను మా జేజినాయన, అంటే మా తాత, వేయించాడు. ఆ వాకిలికి ఎవరు వచ్చినా, ఎంత పెద్ద ఆఫీసరు వచ్చినా, బండి దిగి, ఆ బండ దాటి, నడిచి లోపలికి రావాలి. ఊళ్ళో దాన్ని దిగుడు బండ అనేవారు. వీరేశ్‌కు నేనెవరో తెలియదు. సస్పెన్షన్ పని తెలిసినవాడని ఎవరో చెబితే వచ్చాడు. నేనూ చెప్పలేదు.

అతను కథంతా చెప్పాడు. ఏడాది కిందట ఆ ఇల్లు కొన్నాడు. అతన్ని పెంచిన అవ్వ లింగమ్మ మాత్రం రాలేదు. గృహప్రవేశానికి కూడా రాలేదు. వయసులో ఉండగా ఆమె నేసిన గుడ్డను మూటగట్టి నెత్తిన పెట్టుకొని ఆ బండ దాకా వచ్చేది. మూట లోపలికి పోయేది, మనిషి బయటే నిలబడేది.

"ఆడ దిగి నడిచి పోయే పనైతే రానంటాది. కాళ్ళ మీద ఆ బండ దాటేది లేదంట."

"మరి బండను తీయించలేదేం?"

"అదీ అడిగినా. పగలగొడ్తే నేను దేన్ని దాటినట్టురా అంటాది."

ఆ ముసలామె మాట నాకు బాగా అర్థమైంది.

"జీపులో తీసుకొని పోవచ్చు కదా?"

"మోకాళ్ళు వంగవన్నా. జీపు ఎక్కలేదు. మామూలు కార్లో గూడా కాళ్ళు మడిచి కిందికి పెట్టల్ల, ఆమెకు కాదు. ఎత్తుకొని పోతామంటే, నేనేమన్నా శవాన్నా అని తిడతాది. ఈ బండిలో మాత్రం కాళ్ళు చాపుకొని కూచుంది. మగ్గం గుంటలో కూచున్నట్టే ఉండాదిరా అని నవ్వింది. అందుకే దీన్నే లోపలికి పోనియ్యల్ల."

అతని గొంతు తగ్గింది. "మొన్న నేత వీధిలో మా పాత కొట్టం ఇంట్లో ఒక్కతే జారిపడింది. ఎంతసేపు అట్ల పడుండెనో ఏమో. ఇంగ ఆడ ఇడిచి పెట్టలేను. నీతో కాకపోతే చెప్పన్నా. ఆయమ్మకు తెలీకుండా బండ తీపిచ్చేస్తా. తెలిసినాక ఏమన్నా అననీ."

"బండ ఎత్తెంత?"

"నాలుగు అంగుళాలన్నా. టేపు పెట్టి కొల్చినా."

చిన్నప్పుడు ఆ బండ మీద కూచుంటే నా మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. నాలుగు అంగుళాల ఎత్తే. అతని టేపూ నా జ్ఞాపకమూ కలిశాయి. ఇంకేమీ అడగలేదు. వీధి వైపు వాలుగా రెండు బేతంచెర్ల నాపబండలు పరిచి, వాటి మీదుగా జీపు ఎక్కిస్తున్నామని చెప్పాడు. ఆ లెక్కకు నోస్ లిఫ్ట్ సరిపోతుంది. ముందు చక్రాలకు ఎయిర్ కప్పులు వేసి, చెప్పిన రోజుకు బండి ఇచ్చాను.

మరుసటి రోజు ఫోను వచ్చింది.

"అన్నా, కడుపు ఆనింది."

అవ్వను ఎక్కించే ముందు ఒక్కడే పోయి చూసుకున్నాడు. ముక్కు బాగానే లేచింది. ముందు చక్రాలు బండ దాటాయి. అంతలో బండి మధ్య భాగం బండ మీద కూచుండిపోయింది. వెనక చక్రాలు ఊరికే తిరిగాయి. వీధిలో వాళ్ళంతా చేరి చేతులతో ఎత్తి వెనక్కి దించారు.

"ఒగడు ఏమన్నాడో తెల్సా? ఈరేశా, లోపలికి పోవాలంటే నీ బండి గూడా దిగి నడవల్లనా అన్నాడు. రేపు కూలోళ్ళను పిలుస్తాండాన్నా. తీపిచ్చేస్తా."

"పిలవద్దు" అన్నాను. "నేను వస్తాను."

నేను షాపు పెట్టిన తర్వాత ఒక కస్టమరు ఇంటికి పోవడం అదే మొదలు. ఆ ఇల్లు అమ్మిన తర్వాత ఆ వీధికి పోవడం కూడా అదే.

నా కారును వీధి మొదట్లో ఆపి నడిచి పోయాను. గేటు ముందు నిలబడ్డాను. బండ నా పిక్క సగందాకా వచ్చింది.

లోపల వాకిలి ఎత్తు, బయట వీధి పల్లం. లోపలి నుంచి నాలుగు అంగుళాలుండే బండ బయటి నుంచి జానెడు దాటి ఉంది. మా బండ్లన్నీ పక్క సందులో ఉండే దొడ్డి గేటు గుండా వచ్చేవి. పిల్లలం ఈ బండ మీద నుంచి వీధిలోకి దూకేవాళ్ళం, తిరిగి వచ్చేటప్పుడు దొడ్డి దారిన వచ్చేవాళ్ళం. వీధిలో నిలబడి ఆ గేటు వైపు చూడవలసిన అవసరం నాకు ఎప్పుడూ రాలేదు.

వీరేశ్ లోపలి నుంచి వచ్చాడు.

"ఎటు నుంచి కొలిచావు?" అని అడిగాను.

"లోపల నుంచే గదన్నా. మన వాకిలిని మనం యాడ నుంచి కొలుస్తాం?"

ఇల్లు కొని ఏడాదే అయినా అతనూ లోపలి మనిషి అయిపోయాడు. నాకు నవ్వు వచ్చింది. ఆపుకున్నాను.

ముక్కు ఎందుకు తప్పించుకుందో, కడుపు ఎందుకు ఆనిందో అప్పుడు తేలింది. ముందు చక్రాలు ఎత్తైన వాకిలి మీదికి పోయాయి, వెనక చక్రాలు పల్లంలోనే ఉన్నాయి. బండ సరిగ్గా మధ్యకు వచ్చింది. దీన్ని మా భాషలో బ్రేకోవర్ అంటాం. రెండు చక్రాల మధ్య వీపులా లేచిన నేలను బండి కడుపు తగలకుండా దాటగలగడం. ముందు ఒక్కటే లేపితే చాలదు. వెనక కూడా లేపాలి. వాలు బండలను ఇంకా పొడుగు చేద్దామంటే ముందర మురుగు కాలువ ఉంది.

"పక్క సందులో దొడ్డి గేటు ఉండాలే?" అన్నాను, ఆలోచనలో ఉండి.

"ఆ దొడ్డి ఎప్పుడో అమ్మేసినారంట. ఇప్పుడు ఆడంతా అంగళ్ళు" అని, అతను నా వైపు చూశాడు. "దొడ్డి గేటు ఉన్నట్టు నీకెట్ల తెలుసన్నా?"

నేను బండ కొసన పెచ్చు ఊడిన చోటు వైపు చూశాను. అతనూ చూశాడు. ఇది మీ ఇల్లా అన్నట్టు నా వైపు తిరిగాడు.

"చెప్పలేదేన్నా?"

"నువ్వు అడగలేదు. పని సస్పెన్షన్‌ది, ఇంటిది కాదు."

"లోపలికి రా అన్నా. కాఫీ తాగి పోదువు."

"పని అయిన తర్వాత" అన్నాను.

ఎర్ర కారును మళ్ళీ కర్నూలుకు తెచ్చాం. వెనక చక్రాలకూ కప్పులు వేశాను. నాలుగూ లేవడానికి పెద్ద ట్యాంకు పెట్టాను. కడుపు కింద అల్యూమినియం రేకు బిగించాను. సీటు మీద ఇసుక మూటలు పెట్టి, షాపు వెనక చెక్కలతో అదే ఎత్తున, అదే వాలున గట్టు కట్టి, తగలకుండా దాటేదాకా బండిని పంపలేదు. నేరుగా పోతే బండకూ కడుపుకూ మధ్య సందు చాలా తక్కువ, ఓరగా, ఒక్కొక్క చక్రమూ ఎక్కేట్టు పోవాలని వీరేశ్‌కు నేర్పించాను.

అవ్వను తీసుకొచ్చే రోజు నేనూ పోయాను. పోకుండా ఉండవచ్చు. కానీ బండికీ బండకూ మధ్య ఉండే సందును చూసి చెప్పడానికి ఒక మనిషి కావాలి. దాన్ని ఇంకొకరికి అప్పగించడం నాకు ఇష్టం లేకపోయింది.

నేత వీధిలో కారు తలుపు తెరిచి, పీట వేసి, ఇద్దరు ఆడవాళ్ళు లింగమ్మ అవ్వను కూచోబెట్టారు. చిన్న మనిషి. కొత్త చీర. కాళ్ళు ముందుకు చాపుకొని, సీటులో ఒదిగి కూచుంది. వీరేశ్ స్టీరింగు ముందు కూచున్నాడు. అవ్వ నన్ను పిలిచింది.

"ఏమప్పా, నువ్వేనా ఆ ఇంటోళ్ళ మనవడివి?"

"అవునవ్వా."

"ముక్కు అదే. మీ జేజినాయన నా మొగం చూసినట్టు నాకు గుర్తే లేదు. మూట దించమనే చెప్తాండె."

"అవన్నీ నాకు తెలియవవ్వా. నాకు తెలిసింది ఈ బండి ఒక్కటే."

"బండి తెల్సు, బండా తెల్సు. ఇంగేం కావల్ల?" అని నవ్వింది. నోట్లో పళ్ళు లేవు.

గేటు ముందు కారు ఆగింది. వీధిలో జనం చేరారు. వీరేశ్ బటను నొక్కాడు. కంప్రెసరు గుర్రుమంది.

"ఏంటికిరా నిలబెట్టినావు? మళ్ళీ ఈడ నిలబడల్నా నేను?"

"గాలి ఎక్కుతాందవ్వా. కొంచెం ఓర్సుకో."

"ఓర్సుకోకుంటే ఇంతకాలం..." అంటుండగానే కారు లేచింది. మాట ఆపి సీటు అంచు పట్టుకుంది. "ఒరే, నన్ను లేపుతాండాదిరా!"

"నిన్ను కాదవ్వా, బండిని. నువ్వు కూచో."

సందు చూడాలంటే బండ పక్కన నేల మీదికి వంగాలి. వంగితే చాలదు, మోకాళ్ళు ఆనించి, చెంప బండ దాకా తేవాలి. ఆ వీధిలో చాలామందికి నేనెవరో అప్పటికే తెలిసిపోయింది. మోకాళ్ళు ఆనించాను.

కారు ఎంత తక్కువ ఎత్తంటే, నేనట్లా ఉండగా అవ్వ మొగమూ నా మొగమూ ఎదురెదురుగా వచ్చాయి.

"లెయ్యప్పా, చొక్కా మాసిపోతాది" అన్నది.

"మాసిపోనీ అవ్వా. వీరేశా, ఓరగా. మెల్లగా."

ముందు ఎడమ చక్రం ఎక్కింది. తర్వాత కుడిది. కడుపు బండ మీదికి వచ్చింది. రేకుకూ రాతికీ మధ్య రెండు వేళ్ళ వెలుతురు కనిపించింది. అది ఒక వేలయింది. వెలుతురు ఆరిపోలేదు. వెనక చక్రం ఎక్కింది, మళ్ళీ రెండు వేళ్ళయింది. కారు వాకిట్లోకి పోయింది. వీరేశ్ బటను నొక్కాడు. బుస్సుమని గాలి వదిలి బండి కూచుంది.

ఎవరో చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ళు పీట పట్టుకొని పరిగెత్తారు.

"దిగవ్వా" అన్నాడు వీరేశ్.

"దిగనురా" అన్నది అవ్వ. "రొంతసేపు ఇట్లే కూచోనీ."

నేను లేచి ప్యాంటు దులుపుకున్నాను. దిగుడు బండ ఎక్కి, లోపలికి పోయి, కాఫీ తాగాను. వీధి నుంచి ఆ బండ దాటడం నాకదే మొదటిసారి. కాలు చాలా ఎత్తాల్సి వచ్చింది.

తర్వాత ఇంకా ఎన్నో కార్లకు ఎయిర్ కప్పులు వేశాను, వాటిలో దీనికన్నా కష్టమైనవీ ఉన్నాయి. అయినా పని మొదలుపెట్టే పద్ధతి మార్చింది ఈ ఒక్క బండే. ఇప్పుడు ఎవరైనా తమ వాకిలి కొలత తెస్తే, అది నాకు తెలిసిన వాకిలైనా సరే, ఎత్తెంత అని తర్వాత అడుగుతాను. ఎక్కడ నిలబడి కొలిచారని ముందు అడుగుతాను.