సత్యవతి సిస్టర్ అడిగిన కారణం

ఈ ఉదయం తరగతి గదిలో అడుగుపెట్టగానే గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల యూనిఫారాల వాసన వచ్చింది. నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే నాకు అది రోజూ ఉండేదే. ఈరోజు మాత్రం ఊపిరి లెక్కపెట్టే పాఠం కావడంతో సత్యవతి సిస్టర్ గుర్తొచ్చారు. మద్దిలపాలెం దగ్గర ఒక ఆసుపత్రిలో నేను డిప్లొమా నర్సుగా ఉన్నప్పుడు ఆవిడ మా వార్డు ఇన్‌చార్జి. భీమిలిలో చేపల వేటకెళ్లే ఇంట్లో పుట్టిన మనిషి. నవ్వడం కూడా డ్యూటీ దిగాకే.

ఆరేళ్లు పనిచేశాక నాకు డిగ్రీ సీటు వచ్చింది. శనివారంలోగా చేరకపోతే పోతుంది. చేరాలంటే రిలీవింగ్ కాగితం మీద ఆవిడ సంతకం కావాలి. ఆవిడ ఆ కాగితాన్ని పక్కకు నెట్టి, నేను రాసిన చార్టు తీశారు. పన్నెండు మంచాలకూ ఊపిరి నిమిషానికి ఇరవై అని ఉంది. దాచుకోవడమెందుకు, నాడి, బీపీ చూసి ఊపిరి గడిలో ఇరవై వేసెయ్యడం మాకందరికీ అలవాటే.

"పన్నెండుమందీ కూడబలుక్కుని పీలుస్తన్నారేటి?" అన్నారు. నాలుగో మంచం మీద ఆపరేషనైన పెద్దావిడ ఉంది. నన్ను అక్కడికి తీసుకెళ్లి, "లెక్కెడతన్నామని తెలిస్తే ఊపిరి మారిపోద్ది. నాడి సూసినట్టు సెయ్యట్టుకో, కళ్లు గుండె మీదెట్టు. నిమిషం నిండాల" అన్నారు. ముప్పై నాలుగు వచ్చింది. వెంటనే డాక్టరుకు ఫోన్ చేశాను. డాక్టరు పరుగున వచ్చి ఆమెను ఐసీయూకి మార్చారు. బతికింది.

నా సీటు గోవిందా అనుకున్నాను. సాయంత్రం ఆవిడే సంతకం చేసిన కాగితం ఇచ్చారు. "ఆపేస్తారనుకున్నాను సిస్టర్" అన్నాను. "ఆపితే ఎవులికేటి లాభం? ఊపిరి పెరిగితే మనిషి జారిపోతన్నట్టేనని నాకు తెలుసు. ఎందుకంటే సెప్పలేను. నాకూ ఒకప్పుడు సీటొచ్చింది, ఎల్లలేకపోనాను. నువ్వెల్లి తెలుసుకునిరా."

రెండేళ్లు చదివి భీమిలి వెళ్లాను. అప్పటికి ఆవిడ రిటైరయ్యారు. గుమ్మంలో చేపలు శుభ్రం చేస్తూ విన్నారు. ఒంట్లో రక్తప్రసరణ తగ్గితే ఆమ్లం పేరుకుంటుందని, దాన్ని వదిలించుకోవడానికే ఊపిరి వేగం పెరుగుతుందని, బీపీ పడిపోయేది చాలాసార్లు ఆ తర్వాతేనని చెప్పాను.

"మళ్లీ సెప్పమ్మా, నిదానంగా."

మళ్లీ చెప్పాను. చేతులు కడుక్కొచ్చి కూర్చున్నారు. "అయితే ఇన్నేళ్లూ నాను సరిగ్గానే సేసినానన్నమాట" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ ఒక్క మాట ఆవిడకు ఎవరూ చెప్పలేదు. డిగ్రీ తెచ్చానన్న గర్వం ఆ గుమ్మంలోనే దిగిపోయింది. ఇప్పటికీ ఆ పాఠం రెండుసార్లు చెబుతాను. వార్డుల్లో ఏళ్లు గడిపి చదువుకోవడానికొచ్చిన నర్సులు నా ఎదుట కూర్చుంటారు. వాళ్ల చేతులకు ఎప్పటినుంచో తెలిసినదానికి కారణం అందించడమే నా ఉద్యోగం.