గురి లేని తుపాకి

నాకు తుపాకి లైసెన్సు వచ్చిందని తెలిసిన రోజు నుంచి మా ఊళ్లో ప్రతివాడూ ఒకే మాట అడిగాడు. "ఏం మామా, ఇంగ జింక కూరేనా?" కొందరు నవ్వుతూ అడిగారు, కొందరు నవ్వకుండా అడిగారు. నవ్వకుండా అడిగినవాళ్లను నేను గుర్తు పెట్టుకున్నాను.

నాకు జింక కూర అక్కర్లేదు. నాకు కావలసింది శనగ పంట. జమ్మలమడుగు నుంచి మైలవరం పోయే దారి పక్కన, నల్లరేగడిలో నా చేను ఉంది. మొలక జానెడు లేచేసరికి జింకలు మందగా వచ్చి చిగుళ్లన్నీ కొరికి పోతాయి. చేను చుట్టూ మా ఇంటిదాని పాత చీరలు కట్టాను. కుక్క అరుపులు రికార్డు చేసి మైకు పెట్టాను. కొన్నాళ్లు బెదిరాయి, ఆ తర్వాత ఆ మైకు కిందే నిలబడి మేశాయి. నష్టం చూడడానికి వచ్చిన ఆఫీసరు గట్టు దిగలేదు. "పచ్చగానే ఉంది కదా పెద్దాయనా" అని ఫోటో తీసుకుని పోయాడు. ఆయనకు కనిపించిన పచ్చదనం గడ్డిది. గడ్డికీ శనగకూ తేడా తెలియనివాడు నా నష్టం లెక్కకట్టాలట!

అందుకని పంట కాపలాకు లైసెన్సు అడిగాను. బడిలో నేను నేర్చింది అక్షరాల వరకే. మిగిలిందంతా చేతికి దొరికిన కాగితమల్లా చదివి నేర్చుకున్నాను. తుపాకుల నిబంధనలూ అట్లాగే చదివాను. మూతిలో నుంచి మందు పోసి, కడ్డీతో దట్టించి కాల్చే ఒంటి గొట్టం తుపాకికే నాకు అనుమతి. గడువు లోపల కొని స్టేషన్లో చూపించాలి, లేకుంటే అనుమతి పోతుంది. ఆ చదువులో ఇంకొక సంగతి కూడా బాగా తలకెక్కింది. తుపాకి ఎవరి చేతిలో పేలినా అడిగేది నన్నే. జింక పడితే జైలుకు పోయేది నేనే.

నా భార్య తమ్ముడు పులివెందుల దగ్గర చీనీ తోట, అంటే బత్తాయి తోట, చేస్తాడు. లైసెన్సు సంగతి నేను చెప్పకముందే అతని ఫోన్ వచ్చింది.

"బావా, తొందరపడి యాడా కొనొద్దు. తుపాకుల సంగతి నీకు తెల్దు. నేనొస్తాండా."

పిలవకుండా సాయానికి వచ్చేవాణ్ణి నేను నమ్మను. అందులోనూ ఆ మనిషి పోయిన వేసవిలో స్టీలు క్యారియర్ నిండా మాంసం తెచ్చి, "మేకది అక్కా" అన్నాడు. నేను మేకల మధ్య పెరిగినవాణ్ణి. మేక మాంసం అంత నల్లటి ఎరుపు ఉండదు. మజ్జిగన్నం తిని లేచాను. "నా తమ్ముడు ఇంత దూరం మోసుకొస్తే దాంట్లోనూ అనుమానమేనా? నీకు మంచినీళ్లిచ్చినా వాసన జూసి తాగుతావు" అని నా భార్య ఆరోజు అంది, ఇప్పటికీ అంటుంది. ఆమె కూడా ఒక్క ముక్క నమిలి గిన్నె పక్కకు జరిపింది. ఆ సంగతి మాత్రం ఎత్తదు.

మొదట ఇద్దరం ప్రొద్దుటూరులో తుపాకులమ్మే అంగడికి పోయాం. అంగడాయన కొత్త తుపాకి ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. కర్రకు వార్నీసు, గొట్టానికి నల్లరంగు, పెండ్లికొడుకు మాదిరి మెరుస్తోంది. నేను టవలుతో గట్టిగా తుడిచాను. టవలుకు నలుపు అంటింది. 

"రంగేసింది ఎందుకప్పా? లోపల ఏముందని?"

"తుప్పు పట్టకుండా పెద్దాయనా" అన్నాడు ఆయన, నా టవలు వంక చూడకుండా.

నా బావమరిదికి ఆ రంగుతో పని లేదు. తుపాకి భుజానికి ఎత్తి, ఒక కన్ను మూసి, వీధిలో పోయే ఆటో మీద గురి పెట్టి చూశాడు. "దీంట్లో ఒంటి గుండు నిలకడగా పోతాదా?" అని అడిగాడు.

"కాపలాకు ఒంటి గుండు ఎందుకప్పా? మోత వస్తే సాలదా?" అన్నాడు అంగడాయన.

నేను అడగాలనుకున్నదీ అదే. బావమరిది తుపాకి దించి బల్ల మీద పెట్టేశాడు. మూలకు ఆనించిన ఒక పాత తుపాకి నాకు కనిపించింది. మూతి వెడల్పు, కర్ర మీద గీతలు. అదేందని అడిగితే అంగడాయన చేయి ఊపాడు.

"అది వద్దులే పెద్దాయనా. గొట్టం లోపల అరిగిపోయింది. గుండు యాడికి పోతాదో దానికే తెల్దు. శబ్దానికి మాత్రం ఊరు లేస్తాది."

బావమరిది పగలబడి నవ్వాడు. "ఈడంతా చెత్తే బావా. మా తట్టు ఒకాయన దగ్గర మంచిది ఉంది. పోదాం పా" అని నా చేయి పట్టుకుని లేపాడు. పులివెందుల బస్సులో ఆ మంచి తుపాకి గురించి అతను చెప్పిందంతా విన్నాను. దాని బరువు, దాని పొడవు, గుండు ఎంత దూరం వంకర లేకుండా పోతుందో. ఒకరి ఇంట్లో మూలకున్న తుపాకి గురించి ఇంకొకరికి ఇంత తెలియడమేంది అని కిటికీ వైపు తిరిగి ఆలోచించాను.

అమ్మే ఆయన నా ఈడువాడే. తోటలో పందుల కోసం లైసెన్సు తీసుకున్నాడు. ఇప్పుడు చూపు మందగించి, అనుమతి తీసుకుని అమ్మేస్తున్నాడు. మాకు మజ్జిగ ఇచ్చి, తుపాకి తెచ్చి అరుగు మీద పడుకోబెట్టాడు. నిజంగా బాగుంది. అది బాగుండడమే నాకు నచ్చలేదు.

"కాల్చి ఎన్నాళ్లయింది?" అని అడిగాను.

"కాల్చేది యాడన్నా! ఎలక్షన్లకు స్టేషన్లో పెట్టినా. తిరిగి తెచ్చి మూలకు పెట్టినా. మళ్లా ముట్టలే."

మా జిల్లాలో ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పజెప్పాలి. ఓట్ల లెక్కింపు అయ్యాక తెచ్చుకోవాలి. అప్పజెప్పేటప్పుడు కానిస్టేబుల్ గొట్టంలో కడ్డీ వేసి, లోపల మందు లేదని చూసుకుంటాడు. ఇది అందరికీ తెలిసిందే. కానీ నేను ముక్కు దగ్గర పెట్టుకుంటే, టోపీ పెట్టే చోట కాలిన మందు వాసన వస్తోంది. మందును అంటించే చిన్న రాగి మూతను టోపీ అంటారు. ఎన్నికలప్పటి నుంచి ముట్టని తుపాకికి ఈ వాసన యాడిది?

తుపాకి పైకెత్తాను. మూతి బావమరిది వైపు తిరిగింది. అంతదాకా అందరికంటే ముందు నిలబడి దాని గొప్పలు చెబుతున్న మనిషి ఒక్క గంతులో స్తంభం వెనక్కు పోయాడు.

"ఇట్ల తిప్పొద్దు బావా!"

"ఉత్తదే కదరా. ఎందుకు ఎగుర్తావు?"

"ఉత్తదే... అయినా అలవాటు."

నా చిన్నతనంలో మా ఊళ్లో ఒకాయన, తుపాకిలో ముందే మందు ఉన్న సంగతి తెలియక దాని మీద ఇంకొక మోతాదు దట్టించి కాల్చాడు. గొట్టం చీలిపోయింది. ఆయన ఎడమచేతి వేళ్లు పోయాయి. అప్పటి నుంచి మా ఊరి పెద్దలు తుపాకి పట్టుకుంటే మొదట ఒకటే పని చేసేవాళ్లు. కడ్డీని గొట్టం పక్కన బయట ఆనించి, అడుగు దాకా పోతే ఎంత పడుతుందో వేలితో గుర్తు పెట్టేవాళ్లు. తర్వాత లోపల వేసేవాళ్లు. వేలు మూతికి ఆనితే ఉత్తది. ఆనకపోతే నిండింది.

నేనూ అట్లే చేశాను. కడ్డీ లోపలికి జారి, ఇనుము మోగకుండా మెత్తగా ఆగిపోయింది. నా వేలికీ మూతికీ మధ్య నాలుగు వేళ్ల ఎడం ఉంది.

తుపాకి మూతి ఆకాశం వైపు తిప్పి పట్టుకున్నాను. అమ్మే ఆయన ముఖంలో నెత్తురు లేదు. "నేను నింపలే అన్నా! నా బిడ్డల మీద ఒట్టు" అన్నాడు. 

"పేలదులే బావా, టోపీ పెట్టలే కదా. ఉత్త గుండు ఏం చేస్తాది?" అని స్తంభం వెనక నుంచి బావమరిది అన్నాడు.

"లోపల గుండు ఉండేది నీకెట్ల తెల్సు? చిన్న గుండ్లు పోసి ఉండొచ్చు, ఉత్త మందే ఉండొచ్చు."

అమ్మే ఆయన వైపు తిరిగాను. "స్టేషన్లో కడ్డీ వేసి చూసినారా?"

"చూసినారు. ఉత్తదనే తీసుకున్నారు."

"మరి తర్వాత ఎవరు నింపినారు?"

ఆయన మసక కళ్లతో స్తంభం వైపు చూశాడు. "పందులు పడతాండాయని వేసవిలో అడిగి తీస్కపోయినాడన్నా. మన పిల్లోడే కదా అని ఇచ్చినా."

నాకు స్టీలు క్యారియర్ గుర్తొచ్చింది.

గొట్టంలో నీళ్లు పోసి మందును నానబెట్టాం. మొన మెలి తిరిగిన ఇంకో కడ్డీ వేసి అమ్మే ఆయనే జాగ్రత్తగా లాగాడు. తడిసిన కొబ్బరి పీచు వచ్చింది, దాని వెనక కుంకుడు గింజంత సీసపు గుండు ఒకటి. దాన్ని అరచేతిలో పెట్టుకుని అడిగాను.

"ఇది పందికా, జింకకా?"

"ఏదొస్తే దానికి" అన్నాడు బావమరిది. దొరికిపోయాక అతనికి ధైర్యం వచ్చింది. "నీ చేన్లో మేసి బలిసినదాన్ని మనం తింటే తప్పేంది బావా? లైసెన్సు నీకుంది, గురి నాకుంది."

"జైలెవరికుంది?"

"ముసలోనివి, నిన్నెవరు పట్టుకపోతారు!"

అంటే అంతదూరం ఆలోచించే పెట్టాడన్నమాట. నా పేరు మీద తుపాకి, నా చేను మీద వేట, పట్టుబడితే నా వయసు. అమ్మే ఆయన ఇచ్చిన మజ్జిగ తాగకుండానే నేను లేచి బస్సెక్కాను.

గడువు దగ్గర పడింది. మళ్లీ ప్రొద్దుటూరు అంగడికి ఒక్కణ్ణే పోయి, ఆ మూలనున్న అరిగిపోయిన తుపాకి ఇమ్మన్నాను. అంగడాయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "అందరూ తగిలేదాన్ని అడుగుతారు. తగలనిదాన్ని నువ్వెందుకు అడుగుతాండావు పెద్దాయనా?" ఏ దొంగపని కోసమో అని ఆయన అనుమానం. తప్పు పట్టలేదు. ఆయన చోట నేనున్నా అదే అడిగేవాణ్ణి. అడుగున కడ్డీ మోగేది విని, గొట్టానికి చీలిక లేదని రంగు గీకి మరీ చూసి, తీసుకున్నాను.

పొద్దుగూకేముందు జింకలు చేలోకి దిగాయి. మందు పోసి, పీచు దట్టించి, గుండు లేకుండా ఆకాశంలోకి పేల్చాను. నా చెవులు చాలాసేపు గుయ్యిమన్నాయి. చీరలు కట్టిన గట్టు మీదుగా జింకలు ఎగిరి, పడుతూ లేస్తూ గుట్ట వైపు పోయాయి. ఆ సంవత్సరం చేను కోతకు మిగిలింది.

మొన్న బావమరిది ఇంటికి వచ్చాడు. కాఫీ తాగుతూ గోడకున్న తుపాకి వంక చూసి పెదవి విరిచాడు.

"దాంతో కొడితే గోడకు కూడా తగల్దు బావా."

"అందుకే తెచ్చినా."

అతను అక్కతో మాట్లాడి, సాయంత్రం పోయాడు. అతను పోకముందు, నేను పెరట్లో చేతులు కడుక్కుంటున్నంతసేపూ హాల్లో ఒక్కడే ఉన్నాడు. తుపాకి దించి, కడ్డీ గొట్టం పక్కన ఆనించి వేలితో గుర్తు పెట్టుకున్నాను.

"మళ్లా మొదలుపెట్టినావా? వాడు నా తమ్ముడు!" అంది వంటింట్లో నుంచి నా భార్య.

కడ్డీ లోపలికి వదిలాను. అడుగున ఇనుముకు ఇనుము తగిలి ఖంగుమంది, నా వేలు మూతికి ఆనింది. తుపాకి గోడకు తగిలించి, అన్నం పెట్టమన్నాను.