కూర్చుని కొట్టేయాల్సిన పేరు

మా వాడ అంగన్‌వాడీ టీచరమ్మ పోయిందన్న సంగతి నాకు ఎనుమాముల మార్కెట్ యార్డులో తెలిసింది. మిర్చి బస్తాలు కాంటా మీదికి ఎక్కిస్తుంటే నా భార్య ఫోన్ చేసింది. "టీచరమ్మ పోయిందయ్యా. పొద్దుగాల దవాఖానలనే. మూడు దినాల జ్వరం, గంతే" అంది. మిర్చి ఘాటుకు అక్కడ అందరి కళ్లూ కారుతూనే ఉంటాయి కాబట్టి నన్నెవరూ ఏమైందని అడగలేదు.

ఆమెకు చెప్పాల్సిన మాట ఒకటి ఏళ్ల తరబడి నా గొంతులో ఉండిపోయింది. అది చెప్పకుండానే ఆమెను సాగనంపి వచ్చాను. ఆమెను పొగిడేవాళ్లు మా వాడలో ఇప్పుడు చాలామందే తేలారు. నిరుడు ఆమె తలుపు కొడితే లోపల టీవీ సౌండు తగ్గించి, ఎవరూ లేనట్టు కూర్చున్నవాళ్లే వాళ్లంతా. "ఓట్ల పిచ్చిది వస్తాంది" అని నవ్వుకున్నవాళ్లే. నేను అంతకన్నా పెద్ద ఘనకార్యం చేశాను. అందుకే ఇది రాస్తున్నాను.

పొద్దున పిల్లలకు పలకలు, కోడిగుడ్లు. మధ్యాహ్నం దాటాక ఓటర్ల జాబితా. మా బూత్‌కు ఆమే బీఎల్ఓ, అంటే ఇల్లిల్లూ తిరిగి ఎవరున్నారు, ఎవరు పోయారు, ఎవరికి పద్దెనిమిదేళ్లు నిండాయి అని రాసుకునే మనిషి. ఆ పని ఎవరికి చెప్పినా తప్పించుకునేవాళ్లు. ఆమె మాత్రం అడిగి మరీ తీసుకుంది. మా మగ్గాల మీద మిగిలిన జంపఖానా ముక్కతో కుట్టించుకున్న సంచిలో ఆ కాగితాలు పెట్టుకుని తిరిగేది. కళ్లజోడుకు తాడు. చెవి మీద పెన్సిలు. ఏ పేరైనా మొదట పెన్సిలుతోనే రాసేది, ఇంటికి మళ్లీ వచ్చి చూసుకున్నాకే పెన్ను తీసేది.

ఆ పని మీద ఆమెకు అంత పట్టు ఎందుకో ఒక్కసారే చెప్పింది. ఆమె పెనిమిటి దుబాయిలో పనిచేసేవాడు. ఒకసారి సెలవు మీద వచ్చి ఓటుకు పోతే జాబితాలో పేరు లేదు. ఊళ్లో ఉండడం లేదని ఎవరో కొట్టేశారు. బయటి దేశంలో ఉన్నవాళ్లకు ఓటు రాసే పద్ధతి అప్పటికి ఇంకా రానేలేదు. ఆయన ఇంటికొచ్చి ఆ రోజంతా అన్నం ముట్టలేదట. మళ్లీ ఓట్లు వచ్చేలోపు ఆయన అక్కడే పోయాడు.

"మనిషి బతికుండంగనే లేడని రాసిండ్రు తమ్మీ. ఊళ్లె లేకుంటే లేనట్టేనా?" అంది టీచరమ్మ. అంతే, మళ్లీ ఆ ఊసెత్తలేదు.

నేను మగ్గం వదిలేసి మస్కట్ పోయాను. అక్కడ ఒక లాండ్రీలో పని. నేను పోయిన మూడో ఏట నా భార్య ఫోన్‌లోంచి టీచరమ్మ గొంతు వినపడింది.

"తమ్మీ, నువ్వు అక్కడున్నా నీ ఓటు ఇక్కడ ఉంటది. సిక్స్-ఏ అని ఫారం ఉన్నది. పాస్‌పోర్టుల ఫోటో ఉన్న పేజీ, అడ్రస్ ఉన్న పేజీ, వీసా, మూడూ జిరాక్సు తీసి సంతకం పెట్టి పంపు. పాత ఓటరు కార్డు మీ ఇంటామె దగ్గర తీసుకుంటా, అది ఆఫీసుల అప్పజెప్పాలె."

"కార్డు ఇచ్చేస్తే ఓటెట్ల టీచరమ్మా?"

"నీ పాస్‌పోర్టే నీ కార్డు. అసలుది పట్టుకోని రావాలె, జిరాక్సు నడవది."

"రావాల్నా? పోస్టుల రాదా?"

"రాదు బిడ్డా. మిల్ట్రీ వాళ్లకు వస్తది, డ్యూటీల ఉన్నోళ్లకు వస్తది. మీకు రాదు. పేరు రాస్తరు గని మనిషివి నువ్వే రావాలె" అంది.

ఇదండీ మనకిచ్చిన హక్కు. సముద్రం అవతల ఉన్నవాడికి ఇవతల ఒక డబ్బా పెట్టి, వచ్చి వేసి పొమ్మంటారు. మా గదిలో తొమ్మిదిమందిమి, అందరిదీ ఈ దేశమే. ఫారం సంగతి చెబితే ఎనిమిదిమంది నవ్వారు. పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో, సెలవు సూపర్‌వైజర్ దయలో. ఇంక ఓటెక్కడిది? నేను మాత్రం కాగితాలు పంపాను. ఆమె మా ఇంటికి వచ్చి, నేను ఈ ఇంటివాణ్నేనని నా భార్యతో చెప్పించుకుని రాసుకుపోయింది. పేరు ఎక్కిందని ఆమే మళ్లీ ఫోన్ చేసింది. ఆ రోజు ఆమె గొంతులో ఉన్న సంతోషం నాకు లేదు.

రెండేళ్లకు ఓట్లు వచ్చాయి. సూపర్‌వైజర్ కాళ్లావేళ్లా పడి సెలవు సరిగ్గా అప్పుడే పెట్టించుకున్నాను. తెల్లారి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని మా వాడ బడికి పోయాను. లోపల జాబితా పట్టుకున్నాయన మా ఇంటి నంబరు దగ్గర వెతికాడు. నా భార్య పేరుంది, నాది లేదు. కార్డేదన్నాడు. పాస్‌పోర్టు తీశాను.

"విమానం ఎక్కుతానవా అన్నా, ఓటేత్తానవా?" అన్నాడు అక్కడ కూర్చున్న ఏజెంటు. లైన్లో ఉన్నవాళ్లంతా నవ్వారు.

బయటికి వచ్చాను. టీచరమ్మ గేటు పక్కన బల్ల వేసుకుని స్లిప్పులు రాసిస్తోంది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. నాది జారలేదు, నేనే తెరిచాను.

"నా కార్డు గుంజుకుంటివి, నా ఓటు మింగితివి. మొగని ఓటు పోయిందని అందరి ఓట్లు ముంచుతానవా?" అన్నాను. వాడంతా విన్నది. నా భార్య నా చొక్కా పట్టుకుని లాగింది. నేను ఆగలేదు. ఇంకా ఏవో అన్నాను, అవి ఇక్కడ రాయను.

ఆమె ముఖం నల్లబడింది. రెండు చేతులూ బల్లకు ఆనించి లేచింది, మోకాళ్ల నొప్పులు ఆమెకు. నన్ను దాటుకుని లోపలికి పోయింది. వెనకే పోయాను. జాబితా అందుకుని, అన్ని పేజీలూ దాటించి, చివరి పేజీ తీసింది. అక్కడ వేరే శీర్షిక కింద రెండే పేర్లున్నాయి. ఒకటి కువైట్‌లో ఉన్నాయనది. రెండోది నాది. ఆమె నా పేరు మీద వేలు పెట్టి, "సార్, బయటి దేశపోళ్ల పేర్లు ఆఖర్ల ఉంటయ్. పాస్‌పోర్టు చూసి ఓటెయ్యనియ్యాలె" అంది. ఆయన చూశాడు, పాస్‌పోర్టు తీసుకున్నాడు. వేశాను.

బయటికి వస్తుంటే ఆమె మళ్లీ బల్ల దగ్గరే ఉంది. నా వేలి మీద సిరా చూసింది. "అయిందా? మంచిది" అని ఇంకొకరి స్లిప్పు వెతుక్కుంది. నేను ముఖం తిప్పుకుని ఇంటికి పోయాను. మూడోరోజు విమానం ఎక్కాను.

ఎన్నిసార్లు సెలవు మీద వచ్చానో, ఎన్నిసార్లు ఆమె ఎదురుపడిందో! "ఎప్పుడొచ్చినవ్ తమ్మీ?" అనేది. "నిన్ననే" అనేవాణ్ని. వాడంతా వినేలా తిట్టినవాడికి ఆమె ఒక్కదాని ముందు తప్పయిందనడానికి నోరు రాలేదు. థూ, నాదీ ఒక నోరేనా!

పోయిన ఏడు మస్కట్ వదిలేసి వచ్చేశాను. యార్డులో పని దొరికింది. ఈ మధ్యనే ఆమె సంచి పట్టుకుని మా గడపలోకి వచ్చింది. "ఇంక నువ్వు ఇక్కడోనివే కదా. ఆ ఆఖరి పేజీల నుంచి తీపిచ్చి, మీ ఇంటామె కింద రాపిత్త" అని కొత్త ఫారం తీసింది. నా భార్య చాయ్ ఇస్తే చక్కెర వద్దంది. ఒక్కో గడీ పెన్సిలుతో నింపింది. నేను ఎదురుగా కూర్చుని ఆమె తెల్లబడ్డ పాపిడినే చూస్తూ ఉన్నాను. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కార్డు వచ్చినప్పుడు, అది పట్టుకుని ఆమె ఇంటికే పోయి చెబుదాంలే అనుకున్నాను.

ఆ రోజే మా పక్కింటి ముసలాయన పేరు తీసేయాల్సి ఉంది. ఆయన పోయి నెలైంది. ఆమె వాళ్లింట్లో కూర్చుని, మంచినీళ్లు అడిగి తాగి, ఆయన కోడలితో కాసేపు మాట్లాడి, అప్పుడు రాసింది. ఆమెకు అది అలవాటు. తొందరగా తెమల్చవచ్చు కదా అని నా భార్య అడిగితే కోప్పడింది. "పోయినోళ్ల పేరు నిలబడి కొట్టెయ్యద్దు పిల్లా. కూసోని కొట్టెయ్యాలె. గాయన ఇన్నేండ్లు లైన్ల నిలబడ్డడు. మనం జరసేపు కూసుంటే ఏం పోతది?"

కార్డు ఆమె పదోరోజు దినాలైన మర్నాడు పోస్టులో వచ్చింది. నా పేరు, నా ఫోటో, మా ఇంటి నంబరు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. తీసుకుపోయి ఆమె తలుపు ముందు నిలబడ్డాను. తాళం వేసి ఉంది.

పోయిన వారం కొత్త బీఎల్ఓ వచ్చాడు. నడివయసు మనిషి, మున్సిపల్ ఆఫీసులో పనట. బండి ఇంజను ఆపకుండానే గడప దగ్గర నిలబడి కాగితం చాపాడు.

"అన్నా, మీ టీచరమ్మ పేరు తీసెయ్యాలె. కూతురు నెక్కొండల ఉన్నదట, ఇప్పట్ల రాదట. ఇక్కడి ఓటరు ఎవరన్న ఫారం మీద సంతకం పెడితే అయిపోతది. మీకు ఓటున్నదా?"

"ఉన్నది" అన్నాను.

"కార్డు నంబరు చెప్పుండ్రి మరి."

ఆమె రాసిచ్చిన ఓటు. దానితో నేను పెట్టబోయే మొదటి సంతకం ఆమె లేదని చెప్పడానికి. నేను కార్డు తేలేదు. కుర్చీ తెచ్చాను.

"కూసో అన్నా."

"టైం లేదే, ఇంక పదిహేను ఇండ్లు తిరగాలె."

"కూసోకపోతే సంతకం పెట్ట."

నా ముఖం చూసి ఏమనుకున్నాడో, బండి ఆపి, హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నా భార్య చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆయన తాగాడు. నేను కార్డు తెచ్చుకుని ఆయన ఎదురుగా నేల మీద కూర్చుని నంబరు చూసి రాశాను. ఆమె పేరు చదివాను. ఇన్నేళ్లూ టీచరమ్మా అనే పిలిచాను గానీ ఆమె పేరును అంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు. కారణం అన్న చోట "మృతి" అని రాసి, కింద సంతకం పెట్టి, ఆ పేరు మీద వేలు పెట్టాను.

"తప్పయింది" అన్నాను.

బీఎల్ఓ ముందుకు వంగి ఫారం వైపు చూశాడు. "ఏం తప్పు రాసినవే అన్నా?" అన్నాడు. "సరిగనే ఉన్నది కదా."