మా ఈశాన్యం, మా బావ వాయవ్యం

మా బావ తన కొత్త మరుగుదొడ్డికి వాస్తు చూసినంత శ్రద్ధగా పూర్వం రాజులు కోటలకు కూడా చూసి ఉండరు. బావంటే మా మేనత్త కొడుకు, పక్కింటివాడు. తిరువళ్ళూరు నుంచి వాస్తు పండితుణ్ణి బైకు మీద ఎక్కించుకొని, పాండూరు పక్కనున్న మా ఊరికి తెచ్చాడు. ఆ మహానుభావుడు దిక్సూచి పట్టుకొని దొడ్డంతా కలయదిరిగి, సెప్టిక్ గుంత వాయవ్యంలోనే ఉండాలన్నాడు. జానెడు జరిగినా వంశం నిలవదన్నాడు. బావ వెంట్రుకవాసి కూడా జరపలేదు.

నా ఇల్లు ఆయనింటికి పడమర. మా బోరు ఈశాన్యంలో వేయించిందీ ఆ పండితుడే. ఇద్దరం శాస్త్రం తప్పలేదు. కాకపోతే ఆయన వాయవ్యం ముగిసిన చోటే నా ఈశాన్యం మొదలవుతుంది. నడుమ ఒక గోడ. దాని మీద పిల్లి అడ్డంగా నిలబడితే మీసాలు గుంత మీద, తోక బోరు మీద.

పైగా ఆ గుంతకు అడుగు లేదు. సిమెంటు రింగులు దించి, నీళ్ళు ఇంకిపోయేలా వదిలేశాడు.

"భూమి తాగేస్తాది బావా, నీకేల దిగులు?" అన్నాడు.

"భూమి తాగినాక మేము తాగల్ల గదా బావా!"

"అట్లయితే నీ బోరు మార్చుకో. శాస్త్రం నేను రాసినానా?"

మా వీధిలో తక్కిన బోర్లన్నీ ఉప్పే. ఆ నీళ్ళలో కందిపప్పు తెల్లారేదాకా ఉడికినా రాళ్ళలాగే ఉంటుంది. మా బోరు నీళ్ళతో కాఫీ కాస్తే ఎక్కడో వెంగల్ ఊళ్ళో వాళ్ళు కూడా వాసనకు ముక్కులెగరేస్తారు. అందుకే బావ ఇంట్లో తాగేదీ మా నీళ్ళే. పురిటికి వచ్చి ఇంకా పుట్టింట్లోనే ఉన్న ఆయన కూతురి బిడ్డకు గంజి కాచేదీ ఆ నీళ్ళతోనే. గుంత వాడకంలోకి వచ్చింది, పెద్ద వాన ఒకటి పడింది, ఆ వెంటనే పాపకు విరేచనాలు పట్టుకున్నాయి. డాక్టరు మందు రాసిచ్చి, "బిడ్డకి ఏ నీళ్ళు ఇస్తున్నారు?" అని అడిగాడట.

అడిగింది వాళ్ళను. బోరు దగ్గరికి పరుగెత్తింది నేను. గ్లాసు ఎత్తి వెలుతురులో చూశాను, అద్దం. వాసన చూశాను, ఏమీ లేదు. నాలుక కొసకు రాసుకున్నాను, తీపి. ఆ తీపే నన్ను నిలవనివ్వలేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే గోడ దగ్గరికి పోవాలనిపించేది. పోయి పోయి అక్కడ కాలిబాట పడింది.

చివరికి పంచాయతీ తరఫున నీళ్ళు పరీక్ష చేసే అమ్మాయిని పిలుచుకొచ్చాను. ఆమె చిన్న సీసాలో మా బోరు నీళ్ళు పట్టి, వెచ్చని చోట పెట్టమంది. ఫలితం తేలేదాకా రెండిళ్ళలో ఎవరూ ఆ నీళ్ళు ముట్టకూడదంది. ఫలితం ఎలా తెలుస్తుందో మా ఆవిడకు వివరంగా చెప్పింది. ఆ సమయంలో నేను గోడ దగ్గర బావతో వాదిస్తున్నాను.

మరునాడు తిరుత్తణిలో ఆఫీసు కుర్చీ నాకు ముళ్ళకంపే అయింది. సాయంత్రం రైల్లో అరక్కోణం దాటాక మా ఆవిడ ఫోన్. పెట్టె నిండా జనం, జనం నోటినిండా అరవం.

"ఏమయ్యా! సీసా నల్లగుండాది!"

అంతే, లైను తెగింది. నా చెవి పొద్దుటి నుంచి అరవంలో నాని ఉంది. అరవంలో నల్ల అంటే మంచి. ఒకే మాటలో తల తెలుగు, తోక అరవం పెట్టి మాట్లాడే జాతి మాది. బాగుందంటున్నదనుకొని, ఊపిరి కూడా తీసుకోకుండా బావకు ఫోన్ కొట్టాను.

"బావా, నీళ్ళు బాగుండాయంట. పాపకు గంజి కాయండి!"

"చెప్పలా నేను? వాయవ్యం యాడన్నా తప్పతాదా?"

పక్క సీటాయన ఏమిటంత సంతోషమని అరవంలో అడిగాడు. "మా బోర్ తణ్ణి నల్లా ఇరుక్కు" అన్నాను, మా బోరు నీళ్ళు బాగున్నాయని. అన్నాక, నా మాట నాకే వినిపించింది. మా ఆవిడ ఆంధ్రా పుత్తూరు మనిషి. కూరగాయల బేరానికి తప్ప అరవం నోట్లోకి రానివ్వదు. నాతో ఐతే ఎన్నడూ లేదు. ఆమె నోట నల్లన అంటే కాటుకే, బొగ్గే, అమావాస్యే.

బావకు ఫోన్ చేస్తే బిజీ. ఆర్.కె.పేటలో ఉన్న చుట్టాలందరికీ వాస్తు మహిమ చెబుతున్నట్టున్నాడు. మా ఆవిడ ఫోన్ మోగి మోగి ఊరుకుంది. రైలు ఒక సిగ్నల్ దగ్గర నిలబడి నిద్రపోయింది. నేను పెట్టెలో ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాను. తిరువళ్ళూరు దాకా రైలు సగం దూరమే పోయింది, తక్కిన సగం నేనే నడిచాను.

ఆటో దిగేసరికి బావ బిందెతో మా మోటారు దగ్గర ఉన్నాడు. ఎదురుగా మా ఆవిడ. మోటారు ఫ్యూజు పీకి కొంగున ముడేసుకుంది.

"నీళ్ళు బాగుండాయని మీ ఆయనే చెప్పినాడమ్మా!"

"ఆయనకేం తెలుసన్నా? ఆయన చెవులు రైల్లో ఉండాయి, కండ్లు ఈడ ఉండాయా?" అని సీసా తెచ్చి బావ చేతిలో పెట్టింది.

తారు. మంచి తారు. రోడ్డు వేయవచ్చు.

"నీళ్ళు ఇట్లా నల్లబడితే దొడ్డిది కలిసినట్టని ఆ పిల్ల చెప్పిందన్నా. ఇదా పాపకు గంజికి?"

బావ సీసాను తలకిందులు చేసి చూశాడు, తిరగేసి చూశాడు. గోడ అవతల వాళ్ళింట్లో పాప ఏడుస్తోంది. బావ బిందె అక్కడే దించాడు. తర్వాత ఇంటికి పోయి, కొత్త మరుగుదొడ్డికి తాళం వేసి వచ్చాడు.

"రేపే మనుషుల్ని పెడతా. రోడ్డు పక్క, అడుగుకి సిమెంటేసి కడతా. ఏ దిక్కయితే నాకేం, బిడ్డ నిలిస్తే చాలు."

గుంత తోడించారు. బోరులో మందు కలిపారు. సీసా తెల్లగా నిలిచేదాకా రెండిళ్ళలోనూ క్యాను నీళ్ళే, అవి కూడా కాచినవే. పాప కోలుకొని, మళ్ళీ అల్లరిగా గంజి ఉమ్మడం మొదలుపెట్టింది. రోడ్డు పక్క కొత్త గుంత మాత్రం పూర్తి కావడం లేదు. మేస్త్రీ ఈరోజు వస్తానంటాడు, రేపు వస్తాడు, చూసి పోతాడు.

అందాకా బావ కుటుంబమంతా మా ఇంటి మరుగుదొడ్డికే. పొద్దున్నే చెంబులూ తుండుగుడ్డలూ వరసగా నిలబడతాయి. నేను లోపల కూర్చుంటే బయట నుంచి తలుపు మీద దరువు.

"బావా, నీకు పుణ్యముంటాది! నీ రైలుకి టైమవతా ఉండాది, బయటికి రా!"